సమేరియం నీలం

శివపార్వతి ల్యాబ్‌లోకి వస్తూనే గాజులు తీసి పక్కన పెట్టేది. ఓవెన్‌లోంచి తీసిన ఫ్లాస్కుని వెలుతురుకెత్తి, తేమ మిగిలిందేమోనని ఒక కన్ను మూసి చూసేది. గుంటూరులో రీసెర్చికి చేరినప్పటి నుంచీ ఆమెకు గాలే శత్రువు. సమేరియం అనే లోహపు పొడి, అయొడిన్ కలిసి నీలం ద్రావణం కావాలి. ఎంత మొండి అణువుకైనా ఎలక్ట్రానిచ్చి లొంగదీసే మందు అది. కాస్త గాలి చొరబడినా పసుపైపోతుంది. ఏడాదిగా ఆమె పసుపే చూస్తోంది. టాపిక్ మార్చుకోమని గైడుగారు కూడా చెప్పేశారు.

2003 వేసవిలో ఒకరోజు, మిరపకాయలు యార్డుకి తోలుకొచ్చిన తల్లి హనుమాయమ్మ కూతుర్ని చూద్దామని ల్యాబ్‌కి వచ్చింది. అప్పుడే ఫ్లాస్కులో, గాలి సోకకుండా నింపిన ఆర్గాన్ వాయువు కింద గిర్రున తిరుగుతున్న పసుపు ద్రావణం ఆకుపచ్చకి మారింది. చూస్తుండగానే చిక్కటి నీలమైంది. శివపార్వతి కదల్లేదు.

"నీలిమందు కలిపావా అమ్మాయ్?" అంది తల్లి దగ్గరకొస్తూ.

"ఏమీ కలపలేదమ్మా. దాని రంగే అది. గాలి తగిలితే ఉండదు."

"ఇన్నాళ్ళూ వేళకి తినకుండా కష్టపడింది దీనికోసమా?"

శివపార్వతి తలూపింది. హనుమాయమ్మ కొంగుతో ముక్కూ నోరూ మూసుకుని, మెల్లగా వంగి ఆ నీలంలోకి చూసింది. ఫ్లాస్కుకి బిరడా ఉందమ్మా అని చెప్పబోయిన శివపార్వతికి, తను కూడా ఊపిరి బిగపట్టే ఉన్నానని అప్పుడు తెలిసింది.