మా వాడు పాసైన పరీక్ష

పోయిన గురువారం పొద్దున్న, మా వీధిలో రెండిళ్ళ అవతల కొత్తగా దిగిన అమ్మాయి రెండేళ్ళు నిండిన తన పాపను స్ట్రోలర్‌లో తోసుకుంటూ మా ఇంటికి వచ్చి, ఇచ్చిన కాఫీ అయినా ముట్టుకోకుండా, సంచిలోంచి బొమ్మల కార్డుల కట్ట ఒకటి తీసి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పాప పిలిస్తే పలకదు, చూపు కలపదు, రెండు మాటలు వచ్చినట్టే వచ్చి పోయాయి. ఆటిజమ్ ఏమోనని డాక్టరుకు అనుమానం. మూడేళ్ళలోపు పిల్లలకు ఇలాంటి అనుమానం వస్తే ప్రభుత్వం తరఫున మనుషులు ఇంటికే వచ్చి పరీక్షించి, అవసరమనుకుంటే వారం వారం నేర్పించేవాళ్ళను పంపించే ఏర్పాటు ఈ దేశంలో ఉంది. వాళ్ళు మంగళవారం వస్తారట. "ఆంటీ, మీకు ఎక్స్‌పీరియన్స్ ఉంది కదా, ఏమేం అడుగుతారో కొంచెం చెప్పరా? ఇంకా ఫైవ్ డేస్ టైమ్ ఉంది, బాగా ప్రాక్టీస్ చేయిస్తాను" అంది.

ఆ మాట వినగానే, పాలు పొంగుతున్నాయని వంక పెట్టి వంటింట్లోకి వెళ్ళి, వెలిగించని స్టవ్ ముందు కాసేపు ఊరికే నిలబడ్డాను. ఇరవై ఏళ్ళ కిందట నేను కూడా అచ్చం ఆ మాటే, ఆ గొంతుతోనే, మరొకావిడను అడిగాను మరి.

నేను పెళ్ళికి ముందు విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. నా వయసు వాళ్ళకు ఆ కాలేజీలంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్, ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద మార్కులు. వెనక బెంచీలో ఎవడైనా బోర్డు వంక చూడకుండా కిటికీలోంచి చూస్తే సుద్దముక్క వాడి నెత్తి మీదే పడేది, గురి తప్పేది కాదు. అటువంటి మనిషిని పెళ్ళి చేసి ప్లేనో అనే ఈ ఊరికి తెచ్చి, వీసా మీద ఉద్యోగం చెయ్యరాదన్నారు. నా పాఠాలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. మావారు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతే, రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో గోడలకు త్రికోణమితి చెప్పుకోలేక, నాలుగేళ్ళు ఎలా గడిపానో నాకే తెలియదు. అప్పుడు మా అబ్బాయి పుట్టాడు. చివరికి నాకు ఒక శిష్యుడు దొరికాడు.

ఏం శిష్యుడనుకున్నారు! ఇరవై నెలలకు ఇంగ్లీషు అక్షరాలు మొత్తం గుర్తుపట్టేవాడు. పోపుల డబ్బాలో చిన్న గిన్నెలన్నీ బయటికి తీసి, ఆవాలు ఒలికితే ఒలికాయి గాని, గోడ వారగా వెంట్రుకవాసి తేడా లేకుండా వరుస పేర్చేవాడు. అది చూసి నేను మురిసిపోయి ఫోనులో ఇండియాకు చెప్పుకునేదాన్ని, తాతగారి ఇంజనీరు బుర్ర వచ్చిందని. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడు కాదు. ఒకరోజు కావాలనే వాడి వెనక స్టీలు కంచం దభాలున పడేశాను. కదల్లేదు. అదే పక్క గదిలో టీవీలో వాడికి నచ్చిన ప్రకటన పాట వస్తే మాత్రం పరుగెత్తుకుని పోయేవాడు. చెవుడు కాదు కదా అని ఊరట, చెవుడు కాకపోతే మరేమిటని భయం, రెండూ ఒకేసారి వచ్చేవి. నీళ్ళు కావాలంటే నా మొహం చూసేవాడు కాదు. నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి, నా చేతిని ఫ్రిజ్ తలుపు మీద పెట్టేవాడు. గరిటె అక్కడ పెట్టినట్టు.

రెండేళ్ళ చెకప్‌లో డాక్టరు ఇవన్నీ అడిగి ఒక కాగితం మీద ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. ఆ కాగితం మా ఫ్రిజ్‌కు అయస్కాంతం కింద నెల రోజులు వేలాడింది. మా అత్తగారు ఫోనులో, మీ ఆయనకు మాత్రం మూడేళ్ళ దాకా మాటలెక్కడ వచ్చాయమ్మా, ఇప్పుడు ఆపమంటే ఆపుతున్నాడా అని నవ్వేసేవారు. మావారి భయం వేరు. బిడ్డ పేరు ఏ రికార్డులోనో ఎక్కితే రేపు గ్రీన్ కార్డుకు అడ్డం పడుతుందేమోనని ఆఫీసులో ఎవరో అన్నారట. అది నిజమో అబద్ధమో అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు. చివరికి ఒకరోజు వాడు బాల్కనీలో నిలబడి, నేను ఇరవైసార్లు పిలిచినా, ఇటు చూడకుండా ఊచల మీద వేలు జరుపుకుంటూ ఉంటే, ఫ్రిజ్ మీది కాగితం తీసి ఫోన్ చేశాను. మూడు వారాల తరవాత తేదీ ఇచ్చారు.

మూడు వారాలు! పరీక్షకు మూడు వారాలుంటే నాలాంటిది ఊరుకుంటుందా? మావారి స్నేహితుడి భార్య ఒకావిడ తన కొడుక్కి ఇలాగే చేయించారని విన్నాను. ఫోన్ చేసి అడిగితే, పాపం ఆవిడ గుర్తున్నవన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టమంటారు, ముక్కు చెవి కన్ను పొట్ట చూపించమంటారు, బంతి ఇమ్మంటారు, టాటా చెప్పమంటారు. కిరాణా కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు వెనక అన్నీ రాసుకున్నాను. కాలేజీలో ప్రశ్నపత్రం లీకయితే పోలీసులను పిలిచే మనిషిని, ఇంట్లో దాన్ని దేవుడి పటం పక్కన అతికించాను.

ఆ మర్నాటి నుంచి కార్పెట్ మీద స్టడీ అవర్. చెక్కముక్కలు కొన్నాను. ఒక్కో సరైన జవాబుకు ఒక్కో చేగోడీ ముక్క. ముక్కేది, చెవేది, కన్నేది, పొట్టేది, ఇదే వరుస, తెలుగులో కొన్నాళ్ళు, ఇంగ్లీషులో కొన్నాళ్ళు. పన్నెండు రోజుల్లో వచ్చేసింది వాడికి. చేగోడీ వంక చూస్తూ, నా మొహం వంక ఒక్కసారీ చూడకుండా, టకటకా చూపించేసేవాడు. బోర్డు వంక చూడనివాడి మీద సుద్దముక్క విసిరిన దాన్ని, నా బిడ్డ నా కళ్ళలోకి చూడటం లేదని ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా పట్టించుకోలేదు. జవాబు వచ్చింది కదా, చాలు.

ఆ రోజు పొద్దున్నే వాడికి తలంటి, పరీక్షకు వెళ్ళే పిల్లలకు పెట్టినట్టే నోట్లో ఇంత పెరుగూ పంచదారా పెట్టాను. ఇద్దరు వచ్చారు, ఒకావిడ పడుచు, ఒకావిడ తల నెరిసినావిడ. ఎవరూ చెప్పకుండానే పెద్దావిడ గుమ్మంలో చెప్పులు విప్పి వచ్చి కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సంచీ విప్పింది. మా వాడు ఎనిమిది ముక్కలు నిలబెట్టాడు. బంతి ఇచ్చాడు. పడుచావిడ ముక్కెక్కడ అని నోరు తెరిచిందో లేదో, ముక్కు, చెవి, కన్ను, పొట్ట నాలుగూ వరసగా చూపించేసి, చెయ్యి చాచాడు చేగోడీ కోసం.

పెద్దావిడ నా వంక కాసేపు చూసింది. ఇవన్నీ ముందుగా ఏమైనా నేర్పించారా అని అడిగింది, మెత్తగానే. లేదండీ, వాడంతట వాడే నేర్చుకున్నాడు అన్నాను. ఆ తరవాత అడిగినవాటికన్నిటికీ అవుననే చెప్పాను. ఏదైనా కనిపిస్తే వేలు పెట్టి చూపిస్తాడా? అవును. తనకు నచ్చిన వస్తువు తెచ్చి మీకు చూపిస్తాడా? ఎప్పుడూ. పక్కన కూర్చున్న మావారు నా వంక ఒకసారి చూసి, తల వంచుకుని కార్పెట్ పోగులు లాగుతూ కూర్చున్నారు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ప్రస్తుతానికి మీ అబ్బాయికి మా సాయం అక్కర్లేదు, ముందు ముందు అనుమానం వస్తే మళ్ళీ పిలవండి అని. సేమ్యా పాయసం చేశాను. ఇండియాకు ఫోన్ చేసి మా వాడు పాసయ్యాడని చెప్పాను. అత్తగారు దేవుడికి దీపం పెట్టారు. సింకు దగ్గర గిన్నె కడుగుతూ మావారు మాత్రం, "వాడు నిజంగా ఇవన్నీ చేస్తాడంటావా?" అన్నారు. చేశాడు కదండీ, మీ కళ్ళతో చూశారు కదా అని కసిరాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ తరవాత ఏడు నెలలు. మూడేళ్ళు నిండితే ఇంటికి వచ్చే సాయం ఆగిపోతుందని తెలుసు. వాడికి ఉన్న "పాలు", "బస్సు" అనే రెండు మాటలూ ఎక్కడికో పోయాయి. చేతి మీద కొరుక్కోవడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఫోన్ చేద్దామని రిసీవరు ఎత్తేదాన్ని, ఆ పెద్దావిడ చూపు గుర్తొచ్చి పెట్టేసేదాన్ని. చెప్పిన అబద్ధం ఏ మొహం పెట్టుకుని ఒప్పుకోను? అందుకని ఏం చేశానంటారా, రంగులు నేర్పించాను.

ఆ చలికాలం వాడికి జ్వరం వచ్చింది. మందు వేస్తే తగ్గుతోంది, మళ్ళీ వస్తోంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు, తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. ఎక్కడరా నొప్పి, ఎక్కడమ్మా, అని గుండెలకు హత్తుకుని అడుగుతున్నాను. ఏం చెయ్యాలో తోచక, పిచ్చిదానిలా, ముక్కేది నాన్నా, చెవేది అన్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా ముక్కు చూపించాడు, చెవి చూపించాడు, కన్ను చూపించాడు, పొట్ట చూపించాడు, అదే వరసలో. చూపించి చెయ్యి చాచాడు. డాక్టరు దగ్గరకు తీసుకెళితే చెవి నిండా చీము. రెండు రోజులుగా పడుతున్న బాధ అదే. చెవి ఎక్కడుందో వాడికి నేర్పాను. చెవి నొప్పని నాతో చెప్పుకోవచ్చునని, చెప్పుకునేందుకు అమ్మ అనే మనిషి ఒకతి ఉన్నదని నేర్పలేదు. ఆ ఆసుపత్రి కుర్చీలో ఏడ్చినంతగా నేను నా తండ్రి పోయినప్పుడు కూడా ఏడవలేదు.

మర్నాడు ఫోన్ చేశాను. మళ్ళీ ఆ పెద్దావిడే వచ్చింది. ఈసారి పెరుగూ పంచదారా లేవు, చేగోడీలు లేవు. ఆవిడ చెప్పులు విప్పకముందే గుమ్మంలోనే నిలబెట్టి, నాకొచ్చిన ఇంగ్లీషులో, అప్పుడు అబద్ధం చెప్పాను, అన్నీ నేర్పించాను, వాడు ఏదీ చూపించడు, ఏదీ తెచ్చివ్వడు అని చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. తనకు అనుమానం వచ్చిందనీ, తల్లి చెప్పాక ఇంకేమీ అనలేకపోయాననీ, తను కూడా గట్టిగా అడిగి ఉండాల్సిందనీ అంది. ఆలస్యమైపోయిందా అని అడిగాను. లేదు అనలేదు. ఇవాళ మొదలుపెడదాం అంది.

మూడేళ్ళు నిండటానికి మిగిలింది మూడు నెలలు. వారానికి రెండుసార్లు ఒకమ్మాయి వచ్చేది. ఆ పిల్ల ముందు నేర్పింది వాడికి కాదు, నాకు. జ్యూస్ కప్పు పట్టుకుని మీ మొహం దగ్గర పెట్టుకోండి, ఏమీ అడక్కండి, ఏమీ చెప్పకండి, ఆగండి అనేది. ఆగడం! పిల్లవాడు ఆలోచించేలోపే జవాబు చెప్పేసే టీచరుకు అంతకన్నా శిక్ష ఉంటుందా? వాడు నా మణికట్టు లాగేవాడు, ఏడ్చేవాడు, కప్పు గుంజుకోబోయేవాడు. నేను పళ్ళు బిగపట్టి కూర్చునేదాన్ని. అయిదో వారంలో ఒక మధ్యాహ్నం, లాగడం ఆపి, తలెత్తి, నా కళ్ళలోకి చూశాడు. ఒక్క క్షణం. కప్పు నా చేతిలోంచి జారి జ్యూస్ అంతా కార్పెట్ పాలయింది.

మా వాడికి ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. ఊళ్ళో లైబ్రరీలో రోజుకు నాలుగు గంటలు పుస్తకాలు సర్దుతాడు, పోపుల గిన్నెలు సర్దినంత ముచ్చటగా. మాటలు తక్కువే. గొంతు నొప్పెడితే మాత్రం వచ్చి నా ముందు నిలబడి, "అమ్మా, త్రోట్ హర్ట్స్" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఎంత సంతోషమో, ఆ వెనకే అంత దిగులు. ఆ ఏడు నెలలూ పోకపోయి ఉంటే ఇంకెన్ని మాటలు వచ్చేవో, మేము పోయాక ఆ మాటలు వాడికి ఎంత అక్కరకు వచ్చేవో. ఏమీ తేడా ఉండేది కాదేమో అని మావారు నన్ను ఓదారుస్తారు. ఏమో. ఆ లెక్క తేల్చేవాళ్ళు ఎవరూ లేరు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పేసరికి కాఫీ చల్లారిపోయింది. కార్డుల కట్టను తన వైపు జరుపుకుని, "కానీ ఆంటీ, పాప ఏమీ చెయ్యకపోతే? ఫెయిల్ అయిపోతే?" అంది.

"అవనీ తల్లీ. అది ఏం చెయ్యలేదో చూడ్డానికే వాళ్ళు వచ్చేది. నువ్వు కప్పిపెట్టావనుకో, వాళ్ళు వెనక్కి వెళ్ళిపోతారు" అన్నాను.

అప్పుడే మా వాడు లైబ్రరీ నుంచి వచ్చాడు. ముందుగదిలో కార్పెట్ మీద కొత్త మనిషి సంచీ, తన పాత చెక్కముక్కలతో ఆడుకుంటున్న చిన్నపిల్ల కనిపించేసరికి గుమ్మంలో ఆగాడు. ముక్కు తాకాడు, చెవి తాకాడు, కన్ను తాకాడు, పొట్ట తాకి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళయినా ఆ వరస తప్పలేదు. ఆ అమ్మాయి అటే చూసి, పాపను ఎత్తి స్ట్రోలర్‌లో కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయింది. కార్డులు టేబుల్ మీదే వదిలేసింది.

కాలం మారింది, కాదనను. ఇప్పటి పిల్లలు డాక్టరు ఇచ్చిన నంబరును నెల రోజులు ఫ్రిజ్‌కు వేలాడదీయరు. ఆటిజమ్ అనే మాటను అత్తగారి ముందు కూడా నోరు తెరిచి అంటారు. మారనిది ప్రశ్నల జాబితా ఒక్కటే. నేను క్యాలెండరు వెనక రాసుకున్నాను, వీళ్ళకు వాట్సాప్‌లో వస్తోంది, అంతే. ఆ అమ్మాయికి నా మాట తలకెక్కిందో లేదో, ఇంట్లో ఇంకో కట్ట ఉందో ఏమో. రోజూ వాకిట్లోకి వచ్చి వాళ్ళింటి వంక చూస్తున్నాను. కాలేజీలో చెప్పినన్నాళ్ళూ, ఎంతమంది పిల్లల కోసం ఎన్ని కొబ్బరికాయలు కొట్టానో లెక్కలేదు, అన్నీ పాసవ్వాలనే. రేపే మంగళవారం. దేవుడా, ఈ ఒక్క పిల్ల ఫెయిల్ అవ్వాలి అని మొక్కుకున్నాను.