నంబర్ టూ పాటకు పద్రీనో

పాట బాగుందో లేదో వినకుండానే తేల్చి చెప్పగల విద్య దోన్ అనక్లేతోది. రేడియోలో ఆ వారం నంబర్ వన్ అయిందంటే చాలు, అది బాగోలేనట్టే. 1975 నాటికి పుయెబ్లా ఊళ్లో, మా అనాల్కో పేటలో, ఆయనకు తెలియని సంగీతం లేదు. ఆయన్ని పిలిచేవాళ్లే కరువయ్యారు. ఒకప్పుడు ముగ్గురు గిటారువాళ్ల జట్టు నడిపాడు. ఒకడు బస్సు తోలుకోవడానికి, ఇంకొకడు టైర్లు బాగుచేసుకోవడానికి వెళ్లిపోయాక జట్టంటే ఆయనొక్కడే. అయినా ఎవరడిగినా "మా జట్టు వస్తుంది" అనే చెప్పేవాడు.

ఆ ఏడు మా వీధి పిల్ల లుదివీనాకు పదిహేనేళ్లు నిండుతున్నాయి. మాలో ఆడపిల్లకు ఆ పుట్టినరోజు పెళ్లికేమీ తీసిపోదు. భారమంతా తండ్రి నెత్తిన వేయరు. తలా ఒక ఖర్చు మోసే పెద్దమనిషిని పద్రీనో అంటారు. కేకుకు ఒక పద్రీనో, చెప్పులకు ఒక పద్రీనో, పూలకు ఇంకొకరు. పాటకు పద్రీనో దోన్ అనక్లేతో. జ్ఞానస్నానం నాడు ఆ పిల్లను చేతుల్లో ఎత్తుకున్నవాడు కూడా ఆయనే. ఆయన్ని కాదని పిల్ల రికార్డు ప్లేయరుకు నాట్యం చేసిందంటే, ఇక గిటారును గోడకు తగిలించుకోవడమే.

"నీ నాట్యానికి ఏది వాయించమంటావు తల్లీ?"

"'బస్టాపులో వాన', పద్రీనో."

ఆ పాటలో ఒక కుర్రాడు బస్సు కోసం మొదటి నుంచి చివరిదాకా ఏడుస్తాడు. బస్సు రాదు.

"అందులో ఉన్నవే రెండు స్వరాలు. రెండోది దారితప్పి వచ్చినట్టుంది."

"నంబర్ వన్ కదా! అది కాకపోతే రికార్డే పెట్టించుకుంటా. మా క్లాసు పిల్లలు నవ్వుతారు."

దోన్ అనక్లేతో ఆముదం తాగిన మొహంతో ఆ పాట నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక అసలు చిక్కు వచ్చిపడింది. వేడుక శనివారం. వారమంతా శ్రోతలు చేసిన ఫోన్లను బట్టి రేడియోలో నంబర్ వన్ ప్రకటించేది శుక్రవారం సాయంత్రం. వెనకాల ఇంకో పాట ఎగబాకుతోంది. ఒక్క పూటలో కొత్త పాట పట్టే వయసు ఆయన వేళ్లకు దాటిపోయింది. అంటే, తనకు గిట్టని పాటను పైనే నిలబెట్టే బాధ్యత ఇప్పుడు తనమీదే పడింది.

మా వీధిలో ఫోనున్నది దోన్యా తోమసా కొట్లోనే.

"రేడియోవాళ్లను నాలుగు దులపాలి తోమసా, ఇలా ఇవ్వు" అన్నాడు. ఆవిడ చిక్కుళ్లు తూస్తూ తల తిప్పుకుంది.

"హలో, నేను మారిసోల్‌నండీ" అన్నాడు గొంతు సన్నం చేసి. "నాకు 'బస్టాపులో వాన' అంటే ప్రాణం."

"జలుబు చేసిందా తల్లీ?" అన్నాడు అనౌన్సరు.

"లేదండీ. మా ఇంట్లో ఆడవాళ్లందరిదీ ఇదే గొంతు."

మర్నాడు ఒక వితంతువయ్యాడు. ఆ మర్నాడు కాన్వెంటు సిస్టరయ్యాడు.

ఆ కార్యక్రమాన్ని పంతం కొద్దీ ఏనాడూ వినని మనిషి కదా, ఫోన్లన్నీ నేరుగా రేడియోలో ఊరంతటికీ వినిపిస్తాయని ఆయనకు తెలియదు. ఆయన గొంతు వినడానికి పిండిమర దగ్గర ఆడవాళ్లు మర ఆపేవారు. చెప్పిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. దొరికిన వినోదాన్ని చేజేతులా ఎవరు పాడుచేసుకుంటారు?

ఇంత కష్టపడినా, శుక్రవారం 'బస్టాపులో వాన' రెండో స్థానానికి జారింది. దోన్ అనక్లేతో టోపీ చేత్తో పట్టుకుని లుదివీనా ఇంటికి వెళ్లాడు.

"రికార్డే పెట్టించుకోమ్మా. మా జట్టుకు చెయ్యి నొప్పి."

"ముగ్గురికీనా?"

ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

"నాకు ఆ వానపాటే కావాలి పద్రీనో."

"అది ఇప్పుడు నంబర్ టూ."

"కావచ్చు. నంబర్ వన్‌కు మారిసోల్ ఫోన్ చేయలేదుగా."

"ఏ మారిసోల్?"

"జలుబు చేసిన మారిసోల్. సిస్టరు గారు కూడా బాగా మాట్లాడారు. మా క్లాసంతా విన్నాం."

దోన్ అనక్లేతో టోపీని చేతిలో ఒక చుట్టు తిప్పి, నెత్తిన పెట్టుకుని, గిటారు శ్రుతి చేసుకోవాలని గబగబా వెళ్లిపోయాడు.

శనివారం ఆయన వాయించాడు, పిల్ల నాట్యం చేసింది. పల్లవి రాగానే పిండిమర ఆడవాళ్లు మారిసోల్ గొంతుతో అందుకున్నారు. ఆయన ఒక్క స్వరమూ తప్పలేదు, ఎవరి వైపూ చూడలేదు.

"పాట బాగుంది కదూ?" అంది దోన్యా తోమసా, కోడికూర పళ్లెం అందిస్తూ.

"చెత్త పాట" అన్నాడాయన. "వాయించినవాడు గట్టివాడు కాబట్టి సరిపోయింది."