బావ కంటికింద జీడినూనె

మా బావ విమానం నడిపేవాడు. బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా మెడ కాస్త నిటారుగా లేస్తుంది, ఏం చేయను! అరవైల చివర్లో, పలాస దగ్గర మా జీడితోటల ఊళ్లో మోటారు సైకిలున్నవాడే మొనగాడు. నా మొగుడేమో డకోటా విమానం తోలేవాడు. ఊరిమీదుగా కలకత్తా విమానం పోతే అత్త చేతిలో పని వదిలేసి పెరట్లోకి పరిగెత్తేది. "అదిగో, నా కొడుకే!" అని కొంగు ఊపేది. నేనూ ఊపేదాన్ని.

ఆరునెలలకోసారి ఆయనకు మెడికల్ పరీక్ష. అందులో తప్పితే విమానం ఎక్కనివ్వరు. ఓసారి కుడికంటి కింద కందిగింజంత కాయ లేచింది. మానదు, గోకితే రక్తం.

"ఇది సూస్తే నన్ను ఆపెస్తారే," అని బెంగపడ్డాడు బావ.

"దీనికేటిరా అంత దిగులు? రెండు సుక్కలు జీడినూనె ఎడితే రాలిపోతాది," అంది అత్త.

మా ఊళ్లో పులిపిరులన్నిటికీ జీడిపిక్క తొక్కలోంచి కారే ఆ నూనే మందు. చర్మం బొబ్బలెక్కి ఊడిపోతుంది. అత్త పుల్లతో అద్దుతుంటే రెప్ప మూసి పట్టుకున్నది నేనే. నెల తిరిగేసరికి నున్నగా మానింది, పరీక్ష పాసయ్యాడు. సిగ్గులేకుండా ఊరంతా పాలకోవా పంచాం.

ఏడాది కాకుండానే అదే చోట మళ్లీ లేచింది, ఈసారి వెడల్పుగా. విశాఖలో డాక్టరు ముక్క తీసి పరీక్ష చేయించి, చర్మం కేన్సరన్నాడు. నూనె పైపొరనే కాల్చిందట, లోపల అది పాకుతూనే ఉందట. కోస్తే రోగం పోతుంది గానీ రెప్ప కిందికి లాక్కుపోయి కన్ను సరిగా మూతపడకపోవచ్చు. కరెంటు, అదే రేడియేషన్, పెడితే మొహం బాగుంటుంది గానీ, ఇంత లోతుకు దిగాక మళ్లీ రాదని చెప్పలేనన్నాడు.

"కరెంటే ఎట్టించుకుంటానే. మెడికల్ పాసవుతాను," అన్నాడు బావ, ఆసుపత్రి వరండాలో.

నాకు ఒళ్లు మండిపోయింది. "బతికుంటే కదా బావా ఎక్కడానికి! కోయించుకో!" అని అందరిముందూ అరిచాను. చివరికి సరేనన్నాడు.

రోగం పోయింది. రెప్ప పూర్తిగా మూతపడక కన్ను కారుతూనే ఉండేది. మెడికల్ తప్పాడు. విశాఖలోనే నేలమీద, ఆఫీసులో ఉద్యోగమిచ్చారు.

"ఇమానం ఆపేసారని అమ్మకి సెప్పకే. నూనె ఎట్టింది తనేనని కుమిలిపోతాది," అన్నాడు.

ఊరొచ్చినప్పుడల్లా పైలట్ల తెల్ల యూనిఫారమే తొడుక్కొచ్చేవాడు. ఆరునెలలకోసారి పాసయ్యానంటూ కోవా తెచ్చేవాడు. ఆ కోవా పంచడమంటే నాకు ప్రాణం పోయినట్టుండేది.

ఓ మధ్యాహ్నం అత్తా నేనూ జీడిపిక్కలు కొడుతున్నాం. పైన మోత వినిపించింది. అత్త లేవలేదు.

"అత్తా, ఇమానం! బావేమో సూడు!" అన్నాను, అబద్ధం నిలబెట్టాలని.

"ఆడు కాదులేయే," అంది తల ఎత్తకుండానే. "ఆ కన్ను మూతపడదు. ఆడ్ని ఎవులెక్కనిస్తారు? నా సేత్తో నేనే ఎట్టాను నూనె. నాకు తెలుసని ఆడికి సెప్పకు. కుమిలిపోతాడు."

ఆ వారం బావ కోవా పొట్లంతో దిగాడు. "పాసయ్యానమ్మా," అన్నాడు.

అందరికంటే ముందు అత్తే చెయ్యి చాపింది.