పంపుల ఫ్యాక్టరీలో మంచాలు

అందరికీ స్లైడ్లు చేసిపెడుతుందని ఆఫీసులో ఆమెను స్లైడ్లక్క అంటారు. తొమ్మిదేళ్లలో ఆమె చేతిమీదుగా వెళ్లిన రిపోర్టులు పేర్చి పెడితే ఒక బీరువా నిండుతుంది. ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఆ పెద్ద కన్సల్టెన్సీలో పద్ధతే అంత. రాసింది ఎవరైనా అట్ట మీద కంపెనీ పేరే ఉంటుంది. కుర్చీల సంగతీ అంతే. పొద్దున ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కూర్చోవాలి, సాయంత్రం బల్ల తుడిచినట్టు ఖాళీ చేసి పోవాలి. ఆమె టీ కప్పుకీ, చెల్లెలి కూతురు గీసిచ్చిన బొమ్మకీ లాకరులోనే కాపురం.

ఆ పిల్ల ఒకసారి ఫోన్లో అడిగింది.

"పెద్దమ్మా, మీ ఆఫీసులో ఏం తయారుచేస్తారు?"

"సలహాలు."

"సలహాలా? మా అమ్మ ఊరికే ఇస్తుందిగా!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు ఎటు పోయిందో, గదిలో ఫ్రిజ్ గురక ఒక్కటే మిగిలింది.

ఈ ఏడాది ఆమెను ఒక పంపుల ఫ్యాక్టరీకి పంపారు. మెడలో సందర్శకుల కార్డు వేసుకుని మూడు వారాలు స్టోరు అరల్లో సరుకు లెక్కపెట్టింది. అక్కడి స్టోర్‌కీపర్ అరవైకి దగ్గరపడ్డ మనిషి, అందరికీ బాబాయి. స్టోరులో ప్రతి వస్తువుకీ పేరు రాసి పెట్టడం ఆయన అలవాటు. మొదటిరోజు ఒక స్టూలు తెచ్చి, దాని మీద గోనెసంచి మడిచి వేశాడు. మర్నాటికి ఆ స్టూలు అంచున సుద్దముక్కతో 'అమ్మాయి' అని రాసి ఉంది. ఉద్యోగంలో చేరాక ఆమెకంటూ దొరికిన మొదటి చోటు అది.

రిపోర్టుకు రెండు రోజులే గడువిచ్చారు. అలాంటప్పుడు పాత రిపోర్టు తీసి, పేర్లు, అంకెలు మార్చి కొత్తది చేస్తారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు చొక్కా మార్చడం. ఆమె కూడా కిందటేడు ఒక ఆసుపత్రికి రాసినదానికి చొక్కా మార్చి ఇచ్చేసింది. పైవాళ్లు అద్భుతం అన్నారు.

రిపోర్టు ఇచ్చిన నాలుగోరోజు మధ్యాహ్నం ఆమె ఆఫీసు మెట్ల మీద ఒంటరిగా డబ్బా విప్పుకుంటుంటే బాబాయి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, తిన్నావా?"

"తింటున్నా బాబాయ్. చెప్పండి."

"మీ రిపోర్టు మా చేతికిచ్చారు. స్టోరు మూసేసి సరుకు బయటివాళ్లకి అప్పగించమన్నారటగా. సరే, చదువుకున్నవాళ్లు మీరు. నలభై ఏడో పేజీలో నాకో చిన్న అనుమానం. మన దగ్గర మంచానికి మూడు దుప్పట్లున్నాయి, సరుకులో సగం వాడకుండా పడుంది అని రాశారు. ముప్ఫై ఏళ్లుగా తాళాలు నా మొలలోనే ఉన్నాయి తల్లీ. ఆ మంచాలెక్కడున్నాయో చెబితే నేనూ ఓ కునుకు తీస్తా."

ఆమె డబ్బా మూసి పక్కన పెట్టింది. ఆ పేజీకి చొక్కా మార్చడం మరిచిపోయింది. తన చేత్తో రాసుకున్న నోటుబుక్కు తీసి చూసింది. పంపుల స్టోరులో వాడకుండా పడున్నది నూటికి తొమ్మిదే. సగం అన్నది ఆసుపత్రి లెక్క. మూసెయ్యమన్న సలహా మొత్తం ఆ సగం మీదే నిలబడి ఉంది. ఆ స్టోరు మీద నలుగురు బతుకుతున్నారు.

"తప్పు నాదే బాబాయ్."

"ఎవరిదైతేనేం. సోమవారం సంతకాలట."

ఆమె మేనేజరు దగ్గరికి పరుగెత్తింది. అతను ఆమెకంటే ఆరేళ్లు చిన్నవాడు.

"ఎవరు కనిపెట్టారక్కా?"

"స్టోర్‌కీపర్."

"హమ్మయ్య! ఆయనేనా? నలభై ఏడో పేజీ దాకా ఇంకెవరొస్తారు చెప్పండి?"

"స్టోరు మూసేస్తారు బాబూ."

"మనం మూయట్లేదుగా. సలహా ఇచ్చాం, అంతే. తప్పు ఒప్పుకుంటే మళ్లీ మనల్ని పిలవరు. గమ్మునుండండక్కా."

తిరిగొచ్చేసరికి ఆమె కూర్చున్న చోట ఇంకెవరో ఉన్నారు. మంచినీళ్ల కుళాయి పక్కనున్న గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, నిలబడే ఫ్యాక్టరీ యజమానికి ఉత్తరం రాసింది. ఫలానా పేజీలో లెక్క వేరే సంస్థది, అసలు లెక్క ఇది, కాబట్టి ఆ సలహా చెల్లదు. చివర అలవాటుగా కంపెనీ పేరు కొట్టింది. కాసేపు దానికేసి చూసి, చెరిపేసింది. తన పేరు కొట్టింది. ఇంటిపేరుతో సహా. పంపేసింది.

ఉద్యోగం ఊడలేదు. పని ఊడింది. కొత్త పనులేవీ ఇవ్వలేదు. రోజూ వచ్చి ఏదో ఒక కిటికీ పక్కన కూర్చుంటుంది. ఆమె వస్తుంటే మాటలు ఆగిపోతాయి. స్లైడ్లక్కా అన్న పిలుపు కూడా వినబడక మూడు వారాలైంది. అంతమంది మధ్య ఆమె ఎవరికీ పట్టని మనిషైపోయింది.

అప్పుడు మళ్లీ బాబాయి ఫోన్.

"అమ్మాయ్, సంతకాలు ఆగాయి. మళ్లీ లెక్కపెట్టమన్నారు, ఈసారి మమ్మల్నే. మరి నీ ఉద్యోగం?"

"ఉంది. పనే లేదు."

"ఇదెక్కడి విడ్డూరం! మా స్టోరులో వాడకుండా పడున్న సరుకులాగా మూల కూర్చోబెట్టారా?"

ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత తన నవ్వు తనకే కొత్తగా వినబడింది.

"నీ స్టూలు మీద సుద్ద చెరిగిపోయింది తల్లీ. పెయింటుతో రాశాను."

"అమ్మాయి అనేనా?"

"కాదు. ఉత్తరం కింద ఉన్న పేరు. యజమాని చూపించారులే. మంచి పేరు, ఇన్నాళ్లూ చెప్పనేలేదు."

ఆమె ఆ సాయంత్రం బల్ల ఖాళీ చేసి లాకరు తెరిచింది. కప్పూ, పిల్ల గీసిన బొమ్మా లోపల పెట్టాల్సింది పోయి, రెండూ సంచిలో వేసుకుంది. తాళం చెవి లాకరుకే వదిలేసింది. లిఫ్టులో ఆరుగురున్నారు. ఆ సంచి ఏమిటని ఒక్కరూ అడగలేదు.