ఆవాల డబ్బాలో రాయి

మా అమ్మ ఒక రాయిని ముప్పై అయిదేళ్లు ఆవాల డబ్బాలో దాచింది. పెళ్లయిన కొత్తలో, తొలకరి వాన పడగానే అనంతపురం వైపుండే మా ఊరివాళ్లంతా వజ్రాలు వెతకడానికి చేలల్లోకి వెళ్తుంటే, తనూ వెళ్లి ఏరుకొచ్చిందట. రేగుపండంత ఉంటుంది, పైన మసకమసకగా. మోసం చేస్తారని వ్యాపారులెవరికీ చూపించలేదు. నాన్నతో కూలిపనికి బెంగళూరు వచ్చినప్పుడు ఆ డబ్బా కూడా వచ్చింది. నాన్న పోయాక మడివాళ ఇంట్లో అమ్మ, డబ్బా మిగిలారు.

అమ్మ మీద నాకో కోపం ఉండేది. నా కాన్పప్పుడు ఆస్పత్రిలో ఒక్క రాత్రి కూడా నా పక్కన పడుకోలేదు. పొద్దు వాలుతుంటే బస్సెక్కి మడివాళ వెళ్లిపోయేది. "కొత్త తావులో నిద్ర రాదప్పా" అనేది. బెళ్ళందూరులో మేం ఫ్లాట్ తీసుకున్నాకా అదే వరస.

రెండేళ్ల కిందట నాకు రాళ్లు సానపట్టే పిచ్చి పట్టింది. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా అపార్ట్‌మెంట్‌లోనే, బాల్కనీలో సానచక్రం పెట్టుకున్నారు. ఆఫీసు లేని శనివారాలు అక్కడే నా కాపురం. పుల్ల చివర లక్కతో రాయి అతికించి, నీళ్లు చుక్కలుగా పడే చక్రానికి మెల్లగా ఆనించాలి. నా తొందరకి మొదటి రాయి ఎగిరి పక్కింటి తులసి కుండీలో పడింది.

"అరగదీస్తుండావా, పగ తీర్చుకుంటుండావా తల్లీ?" అన్నారాయన.

కొత్త రాయి ఏదైనా సరే, ముందు ఒక మూల కొంచెం అరగదీసి, మెరుగుపెట్టి, అందులోంచి లోపలికి చూడాలంటారు. ఆ మూలనే కిటికీ అంటారు. ఒక్కో రాయిలో పొగ, ఒక్కోదాంట్లో దారపు పోగులు, కొన్నిటిలో ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం కూడా నాకు చూడాలనే ఉంటుంది. అందుకే ఉండబట్టలేక అమ్మ రాయి అడిగాను. వారం తర్వాత రాయిని కొంగున ముడేసుకుని అమ్మే వచ్చింది.

పెద్దాయన ఉన్నమాట చెప్పేశారు. "వజ్రమైతే ఈ చక్రానికి లొంగదమ్మా. అరిగిందంటే వజ్రం కాదు. బాగా ఆలోచన చేసుకోండి."

"సాన పట్టు" అంది అమ్మ నాతో.

అప్పుడు భయమేసింది. నా కుతూహలం కోసం ఆమె ముప్పై అయిదేళ్ల ఆశను పుల్లకు అతికించాను. వద్దందామనుకున్నాను గానీ, నాకూ చూడాలని ఉంది. చక్రానికి ఆనించాను.

అరిగింది. తెల్లటి నీళ్లు చక్రం కింది పళ్లెంలోకి కారాయి. అమ్మ వాటికేసే చూస్తూ కూర్చుంది. కిటికీ మెరుగుపెట్టి, రాయిని పుల్ల నుంచి ఊడదీసి, తుడిచి చేతికిచ్చాను. కంటికి దగ్గరగా పెట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"లోపల సన్నంగా వాన పడినట్లుండాది. వజ్రం కాదు కదా?"

"కాదమ్మా."

"పోనీ, పీడ పాయ" అని గట్టిగా ఊపిరి వదిలింది. "ఇన్నేండ్లు ఇల్లిడిచి ఒక్క రాత్రి యాడా పండుకోలేదు నేను. దొంగలు పడతారని బయం. ఎంట తెచ్చుకుంటే యాడ జారిపోతాదో అని ఇంగో బయం. నీ కాన్పప్పుడు గూడా..."

నేను తల వంచుకుని పుల్లకున్న లక్క గీకసాగాను.

అమ్మ రాయిని నా దోసిట్లో వేసి లేచింది. "ఈపొద్దు ఈడనే ఉంటానప్పా. పక్క యాడ ఏస్తావు?"