ప్రేమమణి పదమూడో సాక్ష్యం

సీతాఫల్‌మండి చర్చి వార్షికోత్సవమంటే ప్రేమమణి సాక్ష్యం ఉండాల్సిందే. తర్వాత పెట్టే బిర్యానీకి ఎంతమంది వస్తారో, ఆమె కన్నీటి కథకీ అంతమంది వస్తారు. ఆడవాళ్లు ఇస్త్రీ చేసిన చేతిరుమాళ్లు తెచ్చుకుంటారు. పాస్టర్ ఏసురత్నంగారు పన్నెండేళ్లుగా ఆ సాక్ష్యానికి మెరుగులు దిద్దిస్తూనే ఉన్నారు.

కథ మాత్రం నిజమే. ప్రేమమణి మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టింది. తండ్రి దేవానందం ఫిట్టరు, సాయంత్రమైతే సారా దుకాణమే ఇల్లు. తల్లి తినే బెల్టు దెబ్బలు, ఆమె పోయాక, ఎనిమిదేళ్ల పిల్ల వంతయ్యాయి. సండేస్కూల్ ఎమిలీ టీచర్ ఆ వీపు చూసి పిల్లను తన ఇంటికి తీసుకెళ్లిపోయింది. చెయ్యెత్తని తండ్రి ఒకడు పైన ఉన్నాడని ఆవిడ చెబితే ప్రేమమణి చాలాకాలం నమ్మలేదు. నమ్మాక ఆయన్ని వదల్లేదు. ఆ పట్టుతోనే చదివి తనూ టీచరైంది.

సాక్ష్యం చివర "మా నాన్నను క్షమించాను" అనాలి, అందరూ "ఆమెన్" అనాలి. ఏళ్ల తరబడి కంటపడని మనిషిని క్షమించడానికి ఏం కష్టం? ఏటా హాయిగా క్షమించేది.

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది వార్షికోత్సవానికి ఆ మనిషి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. ముసలి ఎమిలీ టీచరే వెతికి పట్టుకుని రమ్మందట. చిక్కి సగమయ్యాడు, తాగి లేడు. పాస్టర్‌గారి మొహం వెలిగిపోయింది.

"దేవుడే పంపాడమ్మా. ఇవాళ బెల్టు సంగతి కాస్త వివరంగా చెప్పండి. చివర్లో ఆయన్ని ముందుకు పిలవండి, ఫొటోగ్రాఫర్‌కి చెప్పి ఉంచాను."

మైకు ముందు నిలబడి ప్రేమమణి చివరి బెంచీ వైపు చూసింది. ఎనిమిదేళ్లప్పటి కోపం ఇసుమంత కూడా తరగలేదని అప్పుడే తెలిసింది. కింద రుమాళ్లు సిద్ధంగా ఉన్నాయి.

"పన్నెండేళ్లుగా మీకు అబద్ధం చెప్పాను," అంది. "నేను క్షమించలేదు. ఆయన ఇక్కడ లేడు కాబట్టి అలా అనగలిగాను. ఇవాళా నాకు చేతకావడం లేదు. నాకోసం ప్రార్థన చేయండి."

ఆమెన్ ఎక్కడ అనాలో ఎవరికీ తోచలేదు. పాస్టర్‌గారు గబగబా కీర్తన ఎత్తుకోమన్నారు.

ఆమె వెళ్లి చివరి బెంచీలోనే కూర్చుంది, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.

"నువ్వు క్షమించిన అంటే లేచి పోదామనుకున్న బిడ్డా," అన్నాడు దేవానందం, నేలను చూస్తూ. "అది అబద్ధమని నాకు సుత ఎరికే."

ఆయన దగ్గర పాటల పుస్తకం లేదు. ప్రేమమణి ఒక చరణమంతా ముందుకే చూస్తూ పాడింది. రెండో చరణానికి తన పుస్తకాన్ని ఆ ఖాళీ చోటులో తెరిచి పెట్టింది, ఇద్దరికీ కనిపించేలా.