బెల్లం బట్టి దగ్గర పురుడు

ఈ ఏడు కామారెడ్డిలో చలి మామూలుగా లేదు. బారెడు పొద్దెక్కినా ఎదురింటి గేటు కనబడనంత మంచు, ఆ మంచును ఫోన్లో ఫోటో తీసి "మా ఊరే కశ్మీర్" అని రాసి ఒకరికొకరు పంపుకునే జనం. నేను బీరువా తెరిచి దుప్పట్లు బయటికి లాగగానే డాంబర్ గోలీల వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. చాలామందికి అది శుభ్రంగా మడతపెట్టిన బట్టల వాసన. నాకది మా పెద్దబాపు వాసన. సరిగ్గా అదే పొద్దున పెద్దబాపు కొడుకు మా కుటుంబం గ్రూపులో ఒక ముక్క పెట్టాడు: ఉమ్మడి ఇంట్లో ఒక్క కప్పు కింద అందరం ఎంత వెచ్చగా బతికామో, ఆ వెచ్చదనం ఈ కాలం పిల్లలకు ఏం తెలుసునని. చదివిన వాళ్లంతా దండాలు పెట్టారు, పువ్వులు పెట్టారు. నేను ఏమీ పెట్టలేదు. మా అన్నకు ఆ ఇల్లు వెచ్చగానే ఉండేది, అందులో అబద్ధం లేదు. చలికాలం తీయనిదని చెప్పే వాళ్లంతా చిన్నప్పుడు పొయ్యికి దగ్గరి వైపు కూర్చున్న వాళ్లే.

మాది ఎల్లారెడ్డి అవతల, చెరుకు పండే ఊరు. మామూలు చలికాలమైతే మాకూ ఇష్టమే. పొద్దున్నే వాకిట్లో చెత్త మంటేసి చుట్టూ చేరి ముందు చేతులు, తర్వాత వీపులు కాచుకోవడం, ఉడికించిన అనపకాయలను ఉప్పు నీళ్లు కారుతుండగానే పళ్లతో చీరుకుని తినడం, జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం అద్దుకుని రొట్టె చల్లారేలోపు పరుగెత్తుకుంటూ బడికి పోవడం, బడిలో సారు ఎండ ఎటు జరిగితే అటు తరగతిని జరపడం, మధ్యాహ్నం గోటీలాటలో వేళ్లు మొద్దుబారి గురి తప్పితే దానికీ చలినే తిట్టుకోవడం. ఇవన్నీ ఉన్నాయి, ఎవరు కాదన్నారు? కానీ సాయంత్రం ఇంట్లోకి వచ్చాక ఎవరి చలి వారిదే. తలుపు గట్టిగా పడే స్లాబు అర్ర పెద్దబాపుది. ఊళ్లో కురుమవాళ్లు నేసిన నల్ల గొంగడి పెద్దబాపుది. బొగ్గుల కుంపటి పెద్దబాపుది. మిగతా వాళ్లకు పాత చీరలతో కుట్టిన బొంతలు, పెంకుల సందుల్లోంచి దిగే ఇగం, అంటే గడ్డకట్టే చలి.

మా బాపు, అంటే నాన్న, మస్కట్‌లో పనికి పోయాడు. స్లాబు అర్ర లేచింది ఆయన కష్టంతోనే. ఆయన అన్న మల్లయ్య, అంటే మా పెద్దబాపు, ఊరు దాటి ఏనాడూ పనికి పోలేదు. అయినా మస్కట్ సంగతులు చెప్పడంలో ఆయన్ను మించినవాడు లేడు. తమ్ముడు పంపిన మంకీ క్యాపు, మఫ్లరు, చెప్పుల్లోంచి పొడుచుకొచ్చే మేజోళ్లు వేసుకుని మంట దగ్గర కూర్చుని, ఎడారిలో ఎండ ఎట్లా కాలుస్తుందో తానే కాలి వచ్చినట్టు చెప్పేవాడు. వింటున్న వాళ్లలో ఎవరైనా వణికితే, "సలి పెయ్యిల ఉండదురా, మనసుల ఉంటది" అనేవాడు. ఒంటి చలిని అట్లా కొట్టిపారేస్తూనే గొంగడిని ఇంకొంచెం దగ్గరికి లాక్కునేవాడు.

ఆ ఏడు మా అవ్వకు రెండో కాన్పు. మా దగ్గర అవ్వ అంటే అమ్మే. కాన్పు చలికాలంలో పడుతుందని లెక్కేసుకుని మా బాపు, ఊరికి వచ్చే మనిషి చేత ఒక దుప్పటి పంపించాడు. మా వైపు గల్ఫ్ నుంచి ఏ దేశపు దుప్పటి వచ్చినా అది దుబాయి శెద్దరే. చెయ్యి పెడితే మునిగిపోయేంత మెత్తన, నడుమ నోరు తెరుచుకున్న పులి బొమ్మ. ఇచ్చిపోయిన మనిషి "లక్ష్మి వదినెకు, పురిటికి" అని చెప్పే ఇచ్చాడు. పెద్దబాపు దాన్ని విప్పి, తడిమి, మళ్లీ జిప్పు కవర్లో పెట్టి, డాంబర్ గోలీలు వేసి, తన అర్రలోని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తర్వాత ఇంటికి ఎవరు వచ్చినా బీరువా తెరవడం, కవరు మీదనుంచే పులిని చూపించడం, మూయడం. చూసిన వాళ్లు నోరెళ్లబెడితే ఆయన ముఖం వెలిగేది. మా అవ్వ ఆ శెద్దరును ఒక్కసారైనా ముట్టుకోలేదు.

పుష్యమాసంలో చెల్లె పుట్టింది. మళ్లీ ఆడపిల్లేనని పెద్దబాపు చుట్ట ముట్టించుకుని బయటికి పోయాడు. పురుడు వెళ్లేదాకా అంటు కాబట్టి అవ్వను పశువుల కొట్టం పక్కన తడకలు కట్టిన గుడిసెలో ఉంచారు. చెల్లె పుట్టిన రెండో రోజునే వాతావరణం తిరగబడింది. అట్లాంటి చలి నేను మళ్లీ చూడలేదు. ముందు ముసురు పట్టింది. చలికాలంలో ముసురేమిటని పెద్దవాళ్లు ఆకాశం వైపు చూస్తుండగానే ఉత్తరపు గాలి అందుకుంది. సూర్యుడు మబ్బుల వెనకే పుట్టి వెనకే మునిగాడు. ఆముదం చెట్ల ఆకులు కాలినట్టు నల్లబడ్డాయి, అనప పువ్వు రాలిపోయింది, ఊళ్లో మేకపిల్లలు పొద్దున లేచేసరికి కట్టెలై పడి ఉన్నాయి, బర్రెలకు గోనెసంచులు కట్టినా పాలు చేపలేదు. కట్టెలు తడిసి పొయ్యి పొగే తప్ప మంట ఇవ్వలేదు. తడక సందుల్లో నేను, నాయినమ్మ కలిసి గడ్డి, గుడ్డపేలికలు కుక్కితే గాలి వాటిని నెట్టుకుని లోపలికొచ్చేది. మా పెద్దమ్మ, పాపం, మొగుడు చూడకుండా పగిలిన కుండలో ఇన్ని నిప్పులు తెచ్చి పెట్టేది. అవి ఎంతసేపుంటాయి?

ఒక తెల్లవారి చెల్లె రొమ్ము పట్టడం మానేసింది. ఏడుపు కూడా లేదు. పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. నాయినమ్మ చేతితో పిల్ల పాదాలు ముట్టి చూసి, లేచి స్లాబు అర్రకు పోయింది. ఆమె కొంగు పట్టుకుని నేనూ పోయాను. పెద్దబాపు కుంపటి మీద చేతులు చాపుకుని చాయ తాగుతున్నాడు. అర్రలో నిజంగానే వెచ్చగా ఉంది.

"మల్లయ్యా, పొల్ల పెయ్యి సల్లవడుతుంది. గా దుబాయి శెద్దరు తియ్యిరా. సలి తగ్గినంక మళ్ల పెట్టుకుందువు," అంది నాయినమ్మ.

"పురిటి గుడిసెల కప్పినంక అది మళ్ల ఇంట్లకు వస్తదానే? అంటు గాదా?" అన్నాడాయన. "రేపు తాసీల్దారు సాబో, ఇంకో పెద్దమనిషో వస్తే ఏం పరుస్తవ్? గది ఇగానికి కప్పుకునేది గాదు, ఇజ్జతుకు పెట్టుకునేది. బొంతలు లేవా ఇంట్ల?"

తాసీల్దారు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు, వచ్చే పని కూడా లేదు. ఆయన ఎగతాళికి అనలేదు, కోపంతోనూ అనలేదు. చాయలో చక్కెర తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. లోకంలో దుర్మార్గులంటే కోరమీసాలతో ఉంటారని అనుకునే వయసు నాది. చాయ గ్లాసుతో, మేజోళ్లతో కూడా ఉంటారని ఆ పొద్దున తెలిసింది.

గోడ అవతల గుడిసెలో అవ్వకు ప్రతి మాటా వినబడింది. మేము పోయేసరికి ఆమె లేచి నిలబడి ఉంది. చెల్లెను రవికె లోపల రొమ్ముకు అదుముకుని, పైన చీర గట్టిగా చుట్టుకుని, ఆపైన గోనెసంచి మూలకు మూల దోపి నెత్తిన వేసుకుంది.

"అత్తా, నర్సింలు మామ బట్టికాడికి పోతున్న," అంది.

"పురిటి మనిషివి, గీ ముసురుల ఊరి నడుమకెళ్లి పోతవా? మంది ఏమంటరు?"

"అననీయి. మంది మాటలు గీ గాలికంటె వెచ్చగనే ఉంటయి."

దిష్టి తగలకుండా పురిటి మంచం కింద పెట్టిన కొడవలి, బట్టల మూట నాకిచ్చింది. ఆమె ముందు, నేను వెనక. బావ ఎదురుపడితే పక్కకు తొలగి కొంగు కప్పుకునే మనిషి, బజారులో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి, నడివీధిలో తల దించకుండా నడిచింది. అరుగుల మీద మంటలు కాచుకుంటున్న వాళ్లు మాటలు ఆపి చూశారు. ఒక్కరు కూడా లేచి రాలేదు.

ఊరి చివర చెరుకు తోటల మధ్య నర్సింలు తాత బెల్లం బట్టి. గానుగ ఆడినంత కాలం ఆ బట్టి ఆరదు. నేల తవ్వి కట్టిన పొయ్యిలో ఎండిన చెరుకు పిప్పి భగభగ మండుతుంటే, పైన మంచమంత కడాయిలో రసం నురుగు కక్కుతూ ఉడుకుతుంది. దూరం నుంచే తీపి, పొగ కలిసిన వాసన ముఖానికి తగిలింది. ఆ వాసనే వెచ్చగా ఉంది.

"ఏందమ్మా గిది?" అన్నాడు తాత.

"పిల్ల సల్లవడుతుంది మామా. బట్టి ఎనుక ఇంత జాగ ఇయ్యి."

తాత ఇంకేమీ అడగలేదు. బట్టి వెనక గోడ దగ్గరున్న బెల్లం ముద్దలను తనే పక్కకు జరిపి, పిప్పి మెత్తగా పరిచి, దాని మీద తన భుజం మీది గొంగడి వేశాడు. పాకం తిప్పే మనిషి మాత్రం, పురిటి మనిషి వస్తే పాకం విరుగుతుందని గొణిగాడు. "ఇరిగితే ఇరగనీయిరా. పిల్లకంటె ఎక్కువనా?" అన్నాడు తాత. పాకం విరగలేదు. ఆ రోజు బెల్లం కూడా రోజూలాగే గట్టిగా, బంగారు రంగులోనే వచ్చింది.

అవ్వ వెచ్చటి మట్టిగోడకు ఆనుకుని చెల్లె పాదాలను అరచేతుల్లో రుద్దుతూ కూర్చుంది. నేను పిల్ల పెదవులనే చూస్తూ ఉన్నాను. రెండు కడాయిల బెల్లం దిగేదాకా చెల్లె కదల్లేదు. ఆ తర్వాత తుమ్మింది, ముఖం చిట్లించింది, ఏడుపు అందుకుంది. పని చేస్తున్న వాళ్లంతా చేతులు ఆపి మా వైపు చూశారు. పాకం మనిషి కూడా చూశాడు. అప్పటిదాకా ఒక్క కన్నీటి చుక్క రాల్చని అవ్వ, పిల్ల రొమ్ము పట్టగానే తల గోడకు కొట్టుకుంటున్నట్టు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

ముసురు విడిచేదాకా మేమక్కడే ఉన్నాం. దెగ్లూరు వైపు నుంచి చెరుకు నరకడానికి వచ్చిన కూలీల పిల్లలు కూడా అక్కడే పిప్పిలో ఒకరినొకరు కరుచుకుని పడుకునేవాళ్లు. వాళ్ల మరాఠీ నాకు రాదు, నా తెలుగు వాళ్లకు రాదు. అయినా వేడి బెల్లాన్ని పుల్లకు చుట్టుకుని నాకడానికి భాష అవసరం లేదు. చలికి బట్టి దగ్గరికి వచ్చే ఊరి జనం మమ్మల్ని చూసి, "ఏమే లక్ష్మీ, మల్లయ్య ఇంట్ల జాగ లేదా?" అని అడిగేవాళ్లు. "ఇల్లు పెద్దదే," అని ఊరుకునేది అవ్వ. ఆ రెండు మాటలే ఊరంతా తిరిగాయి.

తిరిగి తిరిగి పెద్దబాపు చెవిన పడ్డాయి. ఒక సాయంత్రం, బట్టి చుట్టూ జనం బాగా ఉన్న వేళ చూసుకుని ఆయన వచ్చాడు. చంకలో కవరుతో సహా దుబాయి శెద్దరు. చేతిలో గొడుగు. ఆ గొడుగు ఆయన మీద లేదు, శెద్దరు మీద ఉంది. ఆయన నెత్తి మీది మంకీ క్యాపు తడిసి నీళ్లు కారుతున్నాయి.

"అడిగితే ఇయ్యకపోదునా?" అన్నాడు, అందరికీ వినబడేలా. "మా ఇంటి ఆడది బట్టికాడ పండుకుంటే నా ముక్కు కోసినట్టు గాదా?"

అవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "తీసుకో బిడ్డా," అంది నాతో. నేను తెచ్చి ఇచ్చాను. ఆమె జిప్పు వెతకలేదు, కవరును కొడవలితో చీరేసింది. శెద్దరు దులిపి, పెద్దబాపు చూస్తుండగానే, పిప్పిలో పడుకున్న కూలీల పిల్లల మీద కప్పింది. బెల్లం చేతుల పిల్ల ఒకతి నిద్రలోనే పులి ముఖాన్ని పట్టుకుని చెంప కిందికి లాక్కుంది.

పెద్దబాపు శెద్దరు వైపు ఒక అడుగు వేసి ఆగాడు.

"మామా, బావకు చెప్పు," అంది అవ్వ, నర్సింలు తాత వైపు తిరిగి. "ఇజ్జతు పరిచినం. నలుగురు చూస్తున్నరు."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెద్దబాపు ఖాళీ చంకతో, ఇప్పుడు దేని మీద పట్టాలో తెలియని గొడుగుతో వెళ్లిపోయాడు. చెరుకు కోతలు అయిపోయాక ఆ శెద్దరు కూలీలతో పాటే దెగ్లూరు పోయింది. మరుసటి ఏడు బాపు వచ్చాడు, విన్నాడు, అన్నను ఒక్క మాట అనకుండా పొయ్యి వేరు చేశాడు. నాకు ఆయన మీద కూడా కొంచెం కోపమే. ఒక్క మాటైనా అనాల్సింది.

పెద్దబాపు చాలా ఏళ్లు బతికాడు. ఆయన పోయినప్పుడు దినానికి వచ్చినవాళ్లు, అంత చలిలో వానలో తడుస్తూ పోయి కూలీల పిల్లలకు కొత్త శెద్దరు కప్పిన ధర్మాత్ముడని చెప్పుకున్నారు. ఆ కథ ఆయనే ఊరి మీద వదిలాడు. నేను అవ్వ వైపు చూశాను. ఆమె నింపాదిగా అన్నం కలుపుకుంటూ, "చెప్పుకోనీయి. గింతన్న మంచి పేరు లేకుంటే ఎత్తెటోళ్లు గూడ దొరకరు," అంది.

మొన్న ఒక పెళ్లికి ఎల్లారెడ్డి వైపు పోయాం. బండి నడుపుతున్నది చెల్లె స్వరూప, భిక్నూర్ నుంచి వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. ఇంత చలిలోనూ అద్దం దించుకునే నడుపుతుంది. ఊరి చివర అవ్వ బండి ఆపమంది. చెరుకు తోటలు లేవు, గానుగ లేదు. కనుచూపు మేర ఒకటే వరి. నర్సింలు తాత పోయి చాలాకాలమైంది. అవ్వ కర్ర ఊతంగా గట్టు మీదికి నడిచి, నాటేసిన మడిలో ఒక చోటు వైపు చూస్తూ, "గీడనే," అంది.

అంతలో ట్రాక్టరు మీది నుంచి ఒకతను దిగి వచ్చాడు. నర్సింలు తాత మనవడట. ఎవరు కావాలని అడిగాడు.

"ఎవలు లేరు బిడ్డా. గప్పట్ల మీ తాత మాకు గీడ జాగ ఇచ్చిండు, గది చూస్తున్న," అంది అవ్వ.

అతని ముఖం మారిపోయింది. "ఏ జాగ? కాయితం ఉన్నదా?"

"కాయితమెక్కడిది? పండుకునేటంతనే."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. మా బండి కదిలాక కూడా అతను గట్టు దిగలేదు. ఫోన్లో ఎవరికో మా బండి నంబరు చదివి చెబుతున్నాడు.